వెల రాయని మిషన్లు

తిరుమలగిరిలో బెతనియ కుట్టు శిక్షణ కేంద్రం ఎక్కడని అడిగితే ఆటోవాళ్లు తెల్లమొహం వేస్తారు. "దేవకృప మేడమ్ ఆఫీసు" అంటే మాత్రం సరిగ్గా గేటు ముందు దించుతారు. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడ గుమాస్తా ఆమే, టైపిస్టూ ఆమే, తాళాలగుత్తీ ఆమె నడుముకే. జీతం మాత్రం ట్రస్టువాళ్లు ఒక్క మనిషిదే ఇస్తారు.

నేరేడ్‌మెట్‌లో పుట్టి, టైపు లోయరూ హయ్యరూ పాసై, ఇరవై రెండో ఏట ఆ ఆఫీసు కుర్చీలో కూర్చుంది. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెరిగారు. కుర్చీ మాత్రం మారలేదు. వస్తువంటే ఆమెకు ప్రాణం. కత్తెర ఒకటి కనిపించకపోతే క్లాసు మొత్తాన్ని కూర్చోబెట్టేస్తుంది, అది దొరికేదాకా ఏ పిల్లా గడప దాటడానికి లేదు. దారం చుట్టే బాబిన్ కిందపడి దొర్లితే చప్పుడును బట్టి ఏ మూలకు పోయిందో చెప్పేస్తుందని అమ్మాయిలు నవ్వుకుంటారు. అలాంటి మనిషి తన కళ్లెదుట ఉన్న ఆస్తిని ఇన్నేళ్లూ కాగితం మీద పెట్టలేదంటే నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది అదే. దానికి కారణం బద్ధకం కాదు.

ఆ కేంద్రానికి మిషన్లు కొనుక్కునే స్తోమత ఏనాడూ లేదు. తొంభై రెండులో ట్రస్టు తొమ్మిది కొన్నది, అంతే. మిగిలినవన్నీ చనిపోయినవాళ్ల పేరు మీద వచ్చినవి. చర్చి సంఘంలో ఎవరైనా కన్నుమూస్తే, ఏడాది తిరిగేసరికి ఆ ఇంటివాళ్లు ఒక కుట్టు మిషన్ కొని తెచ్చి, ప్రార్థన చేయించి ఇచ్చిపోతారు. బల్ల ముందువైపు చిన్న ఇత్తడి పలక బిగిస్తారు. "ప్రభువునందు నిద్రించిన శ్రీమతి మార్తమ్మ జ్ఞాపకార్థం" అని ఉంటుంది, కింద తేదీ ఉంటుంది. ఏటా ఆ తేదీకి ఇంటివాళ్లు వచ్చి, మిషన్ తుడిచి, అమ్మాయిలకు కేకు ముక్కలు పంచి వెళతారు. దాంతో ఆ హాల్లో మిషన్లకు నంబర్లు లేవు, మనుషుల పేర్లే ఉన్నాయి. "మేడమ్, మార్తమ్మ బెల్టు తెగింది", "ఇవాళ దానియేలు తాత నా వంతు", "సుందరరావుగారు ఊరికే దారం తెంపుతున్నారు మేడమ్". కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం బెదిరిపోతారు. రెండో వారానికి వాళ్లూ అలాగే మాట్లాడతారు.

పోయిన జూన్‌లో ట్రస్టుకు కొత్త ట్రెజరర్ వచ్చాడు. పేరు రిచర్డ్. ఒక ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ చూసి రిటైరైన మనిషి. నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెడ్డవాడు కాదు. కాకపోతే కాగితం చెప్పింది నమ్మడం ఆయనకు అలవాటైపోయిన పని. ఒక గురువారం పొద్దున ఆస్తుల రిజిస్టరు చంకలో పెట్టుకుని దేవకృప బల్ల ముందుకొచ్చి కూర్చున్నాడు.

"దేవకృపగారూ, మీ సెంటర్ ఆస్తి మొత్తం తొమ్మిది రూపాయలని మీకు తెలుసా?"

ఆమె ఆయన హాస్యమాడుతున్నాడనుకుంది. ఆయన రిజిస్టరు తిప్పి చూపించాడు. కుట్టు మిషన్లు, తొమ్మిది. ఏటేటా తరుగుదల కింద కొంత కొంత కొట్టేసుకుంటూ వచ్చారు. చివరికి ఒక్కోటి ఒక్క రూపాయి దగ్గర ఆగిపోయింది.

"వచ్చే వారం శనివారం కమిటీ కూర్చుంటుంది. ఈ హాలును ఒక కోచింగ్ సెంటర్‌వాళ్లు అద్దెకు అడుగుతున్నారు. ఇక్కడ చూపించడానికి ఆస్తి లేదు కాబట్టి, ఉన్న పాత ఇనుమేదో కాటాకి వేసి అమ్మేసి హాలు వాళ్లకిచ్చేద్దామని రిపోర్టు రాశాను. మీకు ముందే చెప్పడం మర్యాద కదా అని వచ్చాను."

దేవకృపకు ఒళ్లు మండిపోయింది. లేచి, "రండి సార్" అని హాలు తలుపు తోసింది. లోపల నలభై మంది అమ్మాయిలు. సగం మంది కుడుతున్నారు, సగం మంది ప్రేమమణి టీచర్ చుట్టూ చేరి జాకెట్టు కత్తిరింపు చూస్తున్నారు. ఆర్నెల్లు నేర్చుకుని ఇంటికెళ్లి స్కూలు యూనిఫారాలు, జాకెట్లు కుట్టుకుని బతికే పిల్లలు. హాలు పోతే వాళ్లకు ఇంకో చోటు లేదు.

"లెక్కపెట్టండి" అంది.

రిచర్డ్ నిజంగానే వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. "ముప్పై దాకా ఉన్నాయే! ఎవరివివి?"

"మావే."

"కాగితం?"

ఆమె బీరువాలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తెచ్చిచ్చింది. అందులో ఒక్కో పేజీకి ఒక్కో పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఇంటివాళ్లు కోరుకున్న బైబిలు వాక్యం, ఇచ్చినవాళ్ల పేర్లు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రిచర్డ్ ఓపిగ్గా నాలుగు పేజీలు చదివాడు.

"అమ్మా, ఇది మనుషుల లిస్టు. మిషన్ల లిస్టు ఏదీ?"

లేదు. ఎందుకు లేదో చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక కుటుంబం మిషన్ తెచ్చినప్పుడు, రిజిస్టరులో ఎక్కించాలి కదా అని బిల్లు అడిగింది. అప్పట్లో కేంద్రాన్ని నడిపే వార్డెనమ్మగారు అందరి ముందూ కసిరింది, "చచ్చిపోయిన మనిషికి వెల కడతావా అమ్మాయ్?" అని. ఆ మాట ఇరవై రెండేళ్ల పిల్లకు చెంపదెబ్బలా తగిలింది. ఆ తర్వాత ఎవరినీ బిల్లు అడగలేదు. వెల లేకుండా రిజిస్టరులో ఎక్కదు కాబట్టి ఏ మిషన్నూ ఎక్కించలేదు. పేర్లు మాత్రం భక్తిగా రాసుకుంటూ పోయింది.

అంతా విని రిచర్డ్ ఒక స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆస్తి అంటే భూములూ బంగళాలే కాదమ్మా. చేత్తో తాకగలగాలి, మనదై ఉండాలి, ఏళ్ల తరబడి మన పనికి రావాలి. మీ బీరువాలో గుడ్డ ఉంది, దారం ఉంది. ఇవాళ వాడితే రేపుండవు, అది సరుకు. సరుకు వస్తూ పోతూ ఉంటుంది, మిషన్ నిలబడి ఉంటుంది. నిలబడి అరుగుతుంది. ఆ అరుగుదలనే మేం ఏటా కాగితం మీద తీసేస్తాం. కాగితం మీద రూపాయికి దిగినంత మాత్రాన పని మానేసిందని కాదు. కానీ కాగితం మీదే లేకపోతే? దొంగలెత్తుకుపోతే మనదని చెప్పలేం. కాలిపోతే ఇన్సూరెన్స్ రాదు. నాలాంటివాడొచ్చి పాత ఇనుమంటే కాదనలేం."

"ఇప్పుడు ఏం రాయాలో చెప్పండి సార్."

"ఎన్ని ఉన్నాయి, ఒక్కోదాని నంబరేంటి, ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎంతకు కొన్నారు, ఇప్పుడెలా ఉంది. పక్కన ఇచ్చినవాళ్ల సంతకం. కమిటీ రోజు పొద్దున నేనొచ్చి ఒక్కోటి చేత్తో తాకి చూస్తా. మీ కాగితం, ఆ మిషన్ కలిస్తే నా రిపోర్టు నేనే వెనక్కి తీసుకుంటా. ఒక్కటి తేడా వచ్చినా తీసుకోను."

"ఒక్కటి కూడా తేడా రాదు సార్" అంది దేవకృప. అనేశాక కిటికీ పక్కనున్న బల్ల వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

మర్నాడు శుక్రవారం, జుమ్మా నమాజు కాబట్టి మెకానిక్ సాదిక్ రాలేదు. శనివారం పొద్దున్నే మౌలాలి నుంచి సంచీతో దిగాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ మిషన్లన్నింటి జబ్బులూ తెలిసినవాడు. బల్ల మీద బిగించి ఉండే పై భాగాన్ని వాళ్లు తల అంటారు. ఒక్కో తలను వెనక్కి వంచి, గుడ్డ కిరసనాయిలులో ముంచి అడుగున తుడిస్తే నూనె జిడ్డు కింద కంపెనీ కొట్టిన నంబరు బయటపడుతోంది.

"గిన్నేండ్ల నుంచి గీ నంబర్లు ఒక్కలు సుత అడగలే అక్కా. గిప్పుడేమొచ్చింది?"

"ఉన్నాయని రాయకపోతే ఉండనివ్వరంట."

"అట్లనా? అయితె రాద్దాం. జెర లైటు ఇటు పట్టు."

తుడిచి, నంబరు చదివి, ఒక గుడ్డ ముక్క పెట్టి కుట్టి చూసి తీర్పు చెప్పేవాడు. "మార్తమ్మకు ఏం రోగం లేదు, ఇంకో ఇరవయ్యేండ్లు ఉరుకుతది." "దానియేలు తాతకు చక్రం కాడ తక్లీఫుంది, బాగు చెయ్యాలె." దేవకృప మంచిది, మధ్యరకం, బాగు చేయించాలి అని రాసుకుంటూ పోయింది. ట్రస్టు కొన్న తొమ్మిదింటిలో మూడే దొరికాయి. మిగిలిన ఆరూ ఎప్పుడో విరిగి పాత సామాన్లవాడి బండెక్కాయి, ఏ రోజు ఎక్కాయో కూడా ఆమెకు గుర్తుంది. రిజిస్టరులో మాత్రం ఎవరూ కొట్టేయలేదు. ఉన్నవి రాయలేదు, లేనివి తీసేయలేదు, ఇదేం గుమాస్తాగిరీ అని తనను తానే తిట్టుకుంది.

కిటికీ పక్క బల్ల దగ్గరికొచ్చేసరికి సాదిక్ చెయ్యి ఆగిపోయింది. "కుమారి ఎలీనా జ్ఞాపకార్థం, తల్లి రోసమ్మ" అని ఇత్తడి పలక తళతళలాడుతోంది. పైన చెక్క మూత. మూత కింద ఏమీ లేదు.

ఎనిమిదేళ్ల కింద పరీక్షల వారంలో ఐదు మిషన్లు ఒకేసారి మొరాయించాయి. ఆ కంపెనీ సామాన్లు బజార్లో ఎక్కడా దొరకలేదు. ఒక్క మిషన్ విప్పితే ఐదు నడుస్తాయి అన్నాడు సాదిక్. అదే కంపెనీది ఎలీనా మిషన్ ఒకటే బాగుంది. దేవకృప సరేనంది. పిల్లలు పరీక్ష రాశారు, పాసయ్యారు. మిగిలిన ఇనుప డొల్ల పాత సామాన్లలోకి పోయింది. కొత్త తల తర్వాత పెట్టిద్దామనుకుని మూత వేసింది. ఆ తర్వాత అనేది మళ్లీ రానే లేదు. "అది ముట్టుకోకండి" అని పిల్లలకు చెప్పింది. ప్రతి ఫిబ్రవరిలో రోసమ్మ వచ్చి, కొంగుతో ఆ మూత తుడిచి, దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే, దేవకృప ఆ ఖాళీ బల్ల పక్కన నిలబడి ఆమెన్ అనేది.

సాదిక్ గొంతు తగ్గించాడు. "నంబరుకు ఫికర్ చెయ్యకు. మా దుకాణంల గదే కంపెనీ పాత తల ఒకటుంది, దాని నంబరే రాసెయ్. వచ్చే శనివారం పొద్దుగాల తెచ్చి పెడ్త, సార్ చూసినంక తీస్కపోత. ఎవ్వనికి ఎర్క?"

ఆమె వెంటనే కాదనలేదు. అంత మంచిదైతే ఈ కథ ఇక్కడిదాకా వచ్చేదే కాదు. ఆదివారం గుడిలో మూడు బల్లల ముందు రోసమ్మ తెల్లముసుగు కనిపిస్తుంటే పాట ఒక్క చరణం కూడా నోట పలకలేదు. నలభై మంది పిల్లల కోసం ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది అనుకుంది. ఒక్కటే కదా అనుకుంది. కానీ రిజిస్టరంటే ఏంటో ఇప్పుడు ఆమెకు తెలిసింది. కాగితం, వస్తువు కలవాలి, దాని ప్రాణమంతా అందులోనే ఉంది. ఇంటికి రాగానే సాదిక్‌కు ఫోన్ చేసింది.

"ఆ తల వద్దు సాదిక్ భాయ్. ఒక్కటి అబద్ధం రాస్తే మిగతా ఇరవై ఎనిమిదీ కూడా అబద్ధమే అయిపోతాయి."

"నీ మర్జీ అక్కా. కని ముసలామెకు ఏం చెప్తవ్?"

"జరిగిందే చెబుతా."

"ఇప్పింది నా చేతులే గద. నేను సుత వస్త" అన్నాడు.

నేరేడ్‌మెట్‌లో రోసమ్మది రెండు గదుల ఇల్లు. డెబ్బై మూడేళ్లు. మౌలాలి రైల్వే క్వార్టర్ల దగ్గర పాతికేళ్లు ఇడ్లీ బండి నడిపిన మనిషి. ఒక్కగానొక్క కూతురు ఎలీనా పందొమ్మిదేళ్లకే జ్వరంతో పోయింది. సోమవారం మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లేసరికి ఆమె గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"వందనాలు ఆంటీ" అంది దేవకృప. కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం. "ఎలీనా మిషన్ లేదాంటీ. మూత కింద ఏమీ లేదు. ఎనిమిదేళ్లయింది. నేనే విప్పించాను."

రోసమ్మ చేటలోంచి తలెత్తలేదు. "తెలుసు."

నువ్వు చెప్పావా అన్నట్టు దేవకృప సాదిక్ వైపు చూసింది.

"ఐదేళ్ల కింద నువ్వు ఫోనొచ్చి బయటికెళ్లావు. లోపల దుమ్ము పట్టిందేమో తుడుద్దామని మూత ఎత్తా. ఉత్త బల్ల ఉంది."

"మరి అడగలేదేం ఆంటీ?"

"నేనెందుకడగాలి? చెప్పాల్సింది నువ్వు. ఈ ఏడు చెబుతుందేమో, వచ్చే ఏడు చెబుతుందేమో అని వస్తానే ఉన్నా. నువ్వు పక్కన నిలబడి ఆమెన్ అంటానే ఉన్నావు."

దేవకృప అక్కడే, వాకిట్లోనే, చిన్నపిల్లలా ఏడ్చింది. రోసమ్మ ఊరుకోమనలేదు. ఏడుపు దానంతటది తగ్గేదాకా రాళ్లు ఏరుకుంటూ కూర్చుని, తర్వాత సాదిక్ వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఆ సామాన్లు ఎటు పోయాయి?"

సాదిక్ చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "షటిల్ మార్తమ్మల ఉంది అమ్మా. చక్రం సుందరరావు సార్ల, సూది కడ్డీ గేటు కాడి దాంట్ల. ఇంకో రెండు ముక్కలు వెనక వరసల రెంటికి ఏసిన."

"నడుస్తున్నాయా?"

"ఇయ్యాల్టికి సుత నడుస్తున్నయ్."

ఆమె తల ఆడించింది. దేవకృప కళ్లు తుడుచుకుని వచ్చిన పని చెప్పింది. హాలు సంగతి, రిజిస్టరు సంగతి, సంతకం సంగతి. "నంబరు, తేదీ రాస్తానాంటీ. వెల గడి మాత్రం ఖాళీగా వదిలేస్తా. పోయిన బిడ్డకు వెల..."

మాట పూర్తి కాకముందే రోసమ్మ చేట పక్కన పెట్టి లేచింది. లోపలికి వెళ్లి, పెట్టె చప్పుడు చేసి, బైబిలుతో తిరిగొచ్చింది. కీర్తనల మధ్యలోంచి పసుపు తిరిగిన బిల్లు తీసి దేవకృప చేతిలో పెట్టింది. నాలుగు వేల రెండు వందలు.

"ఎవరు చెప్పారు నీకు వెల రాయకూడదని? ఈ డబ్బు కూడబెట్టడానికి ఏడాది పట్టింది నాకు. రోజూ బండి మీద ఇంకో యాభై ఇడ్లీ ఎక్కువ వేశా. కాళ్లు వాచిపోయేవి. నా బిడ్డకు వెల కట్టమనలేదు నేను, నా కష్టానికి కట్టు. అది రాయకపోతే నేనేమిచ్చినట్టు మీకు? ఇత్తడి పలక ఇచ్చానా?"

వార్డెనమ్మగారి మాటను ఇరవై తొమ్మిదేళ్లు మోసిన దేవకృప, దాన్ని ఆ వాకిట్లోనే దించేసింది. మర్యాద అనుకుని తాను ఇన్నాళ్లూ చేసింది ఇచ్చినవాళ్ల చెమటను చెరిపేయడమేనని అప్పుడు అర్థమైంది. పెన్ను తీసింది.

"వెల రాయి" అంది రోసమ్మ. "తల లేదని కూడా రాయి. రెండూ రాస్తేనే సంతకం."

ఇక దేవకృపకు ఎదురు లేకపోయింది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ప్రేమమణి టీచరుకు తాళాలు అప్పజెప్పి, మిగిలిన ఇరవై ఐదు ఇళ్ల మీద పడింది. బస్సులో, ఆటోలో, ఎండలో నడిచి. బిల్లు అడిగితే మొహం మాడ్చుకుంటారనుకున్నవాళ్లు కుర్చీ వేసి టీ ఇచ్చి మరీ చెప్పారు. ఒకాయన తండ్రి పెట్టెలోంచి బిల్లుతో పాటు ఆ రోజు ఆటోకు ఎంతిచ్చాడో కూడా రాసి ఉన్న చీటీ తీశాడు. ఒకావిడ చేతి గాజు కుదువపెట్టి కొన్నానని మొదటిసారి బయటికి చెప్పి, చెప్పినందుకు తనే నవ్వింది. ఇంకొకావిడ మాత్రం "ముందు చెప్పండి, మా తోటికోడలివాళ్లు ఎంతని రాయించారు?" అని అడిగింది. ఇచ్చిందే రాస్తాను తప్ప వందెక్కువ రాయనని దేవకృప అంటే మొహం ముడుచుకుని సంతకం పెట్టింది. విజయవాడకు మారిపోయిన కుటుంబం ఫోన్లో చెప్పి ఉత్తరం పంపింది. బిల్లులు పోయినచోట ఆనాటి ధర సాదిక్‌ను అడిగి సరిచూసుకుంది. శుక్రవారం సాయంత్రానికి ప్రతి బల్లకూ తెల్లరంగుతో నంబరు పడింది. మార్తమ్మకు నంబరేంటి మేడమ్ అని పిల్లలు గోల చేస్తే, మార్తమ్మ ఎక్కడికీ పోకుండా ఉండటానికే అని చెప్పింది.

శనివారం పది గంటలకు రిచర్డ్ వచ్చాడు. హాల్లో అడుగుపెట్టి ఆగిపోయాడు. గోడ వారగా ముప్పై నలభై మంది నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు. తమ వాళ్ల మిషన్ లెక్కలోకి ఎక్కే రోజని ఒకరికొకరు చెప్పుకుని వచ్చేశారు. రోసమ్మ కిటికీ దగ్గర నిలబడింది.

ఆయన అన్నట్టే చేశాడు. ఒక్కో తల వంచి, అద్దాలు సర్దుకుని నంబరు చదివి, చేత్తో తాకి, పెన్నుతో గుర్తు పెట్టుకున్నాడు. రిజిస్టరులో ఇరవై తొమ్మిది వరుసలున్నాయి. కొన్నవాటిలో మిగిలినవి మూడు, ఇచ్చినవి ఇరవై ఆరు. విరిగిపోయిన ఆరింటినీ కారణం రాసి కొట్టేసి ఉంది. పదిహేడో నంబరు దగ్గర మూత ఎత్తాడు. ఖాళీ బల్లను చూశాడు, వరుస చదివాడు, మళ్లీ బల్లను చూశాడు.

"ఇది మీరే రాశారా?"

"నేనే సార్. విప్పించింది కూడా నేనే."

ఆయన గుర్తు పెట్టి పద్దెనిమిదికి నడిచాడు. చివరిదాకా ఒక్క తేడా రాలేదు.

పన్నెండింటికి కమిటీ అదే హాల్లో కూర్చుంది. రిచర్డ్ లేచి, తాను చదివిన కాగితం తప్పని, కాబట్టి తన రిపోర్టు కూడా తప్పేనని చెప్పి వెనక్కి తీసుకున్నాడు. అయినా చైర్మన్‌గారికి మనసొప్పలేదు. అద్దె తీపి అలాంటిది. "ఇన్నేళ్లు రాయకపోవడానికి బాధ్యులెవరు?" అని అడిగాడు.

"నేను" అంది దేవకృప. "మెమో ఇవ్వండి సార్, ఫైల్లో పెట్టుకుంటా. హాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

చైర్మన్ నసుగుతుంటే వెనక నుంచి రోసమ్మ గొంతు వినిపించింది. "ఆ పుస్తకం ఒకసారి చదవమనండి. మేం వినడానికే వచ్చాం."

దేవకృప రిజిస్టరు రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. పేరు, సంవత్సరం, వెల, ఎలా ఉందన్నది. నాలుగో నంబరు చదివేసరికి గోడ దగ్గరున్న ఒక ముసలాయన టోపీ తీసి ఒక్క అడుగు ముందుకేశాడు. ఆ తర్వాత ఎవరి వరుస వస్తే వాళ్లు ముందుకొచ్చి తమ మిషన్ పక్కన నిలబడ్డారు. గాజు కుదువపెట్టినావిడ తన వెల వినగానే తల పైకెత్తింది.

"పదిహేడు. కుమారి ఎలీనా జ్ఞాపకార్థం. ఇచ్చినవారు తల్లి రోసమ్మ. రెండు వేల నాలుగు. నాలుగు వేల రెండు వందలు. తల లేదు. దాని భాగాలు ఒకటి, ఆరు, పదకొండు, ఇరవై, ఇరవై రెండు నంబర్లలో పని చేస్తున్నాయి."

రోసమ్మ ఖాళీ బల్ల పక్కకు వచ్చి, నిటారుగా, కమిటీ వైపు తిరిగి నిలబడింది.

ఇరవై తొమ్మిది వరుసలూ అయ్యేసరికి ఇచ్చిన మిషన్లలో దాదాపు ప్రతిదాని పక్కనా ఒక మనిషి ఉన్నాడు. వాటిలో దేన్ని కాటాకి వేయాలో చైర్మన్‌గారు చెప్పలేకపోయాడు. ఫైలు మూసి, కోచింగ్‌వాళ్లను వేరే హాలు చూసుకోమని చెప్పమన్నాడు.

జనం కదులుతుంటే రోసమ్మ దేవకృప దగ్గరికి వచ్చింది. "ఫిబ్రవరికి మళ్లీ వస్తా. ఈసారి మూత ఎత్తే తుడుస్తా."

"తల ఉంటుందాంటీ. అప్పుడు ఏ పిల్ల దాని మీద కుడుతుంటే ఆ పిల్లను లేపి తుడుచుకోవాలి మీరు."

"డబ్బెవరిస్తారు?"

"బిల్లు నా పేరు మీద ఉంటుంది" అంది దేవకృప. "వెల రాస్తాను."